ఎల్.ఎల్.సి.యా, కార్పొరేషనా? కొత్త వ్యాపారం పెట్టేవారికి 2025 తర్వాతి లెక్కలు



అమెరికాలో మనవాళ్ళు వ్యాపారాలు పెట్టడం కొత్త సంగతేమీ కాదు. కన్సల్టింగ్ కంపెనీలు, మోటెళ్ళు, బిర్యానీ హోటళ్ళు, డాక్టర్ల క్లినిక్కులు, ఇంటినుంచి నడిపే కేటరింగ్, ఇలా అన్నిటిలోనూ మనవాళ్ళు ఉన్నారు. అయితే ఈ మధ్య సొంత వ్యాపారం గురించి అడిగేవారు బాగా పెరిగారు. ఒకపక్క సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కోతలు, ఇంకోపక్క ఎప్పటికీ కదలని గ్రీన్ కార్డు క్యూ. వీటికి తోడు, దేశం బయటినుంచి వచ్చే కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలంటూ 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడి ప్రకటన వెలువడింది. ఇవన్నీ చూశాక "ఉద్యోగం ఒక్కటే నమ్ముకుంటే లాభం లేదు" అన్న అభిప్రాయం చాలా ఇళ్ళలో బలపడింది.

నేను టెక్సాస్‌లో చిన్న వ్యాపారాల పద్దులు, పన్నులు చూసే పనిలో ఉన్నాను. కొత్తగా వచ్చేవారిలో ఎక్కువమంది ఒకే మాటతో మొదలుపెడతారు: "ఎస్ కార్ప్ పెడితే టాక్సు తగ్గుతుందట కదండీ?" ఈ ప్రశ్నలో తప్పేమీ లేదు. కాకపోతే అది ఆఖరున అడగవలసిన ప్రశ్న. ముందు చూడవలసింది వీసా. తర్వాత భాగస్వాములు ఎవరన్నది. ఆ తర్వాత లాభం ఇంటికి తెచ్చుకుంటారా, వ్యాపారంలోనే ఉంచుతారా అన్నది. పన్ను వీటన్నిటి తర్వాత. ఈ వరుస తలకిందులు చేసినవాళ్ళు వెయ్యి రెండు వేల డాలర్లు మిగుల్చుకోబోయి అంతకంటే చాలా పెద్దవాటిని పణంగా పెడుతున్నారు. కొండనాలుకకి మందువేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు.

2025లో ఏం మారింది?

వారాంతపు విందుల్లో వినిపించే సలహాల్లో చాలావాటికి కాలం చెల్లింది. ముందు వాటి సంగతి చూద్దాం.

మొదటిది, 20 శాతం తగ్గింపు. 2017 చట్టం చిన్న వ్యాపారాల లాభంలో 20 శాతం వరకు పన్ను లేకుండా మినహాయించింది. అది 2025 చివరికి ముగిసిపోతుందని అందరూ చెప్పుకున్నారు. 2025 జులై 4న సంతకమైన కొత్త చట్టం దాన్ని శాశ్వతం చేసింది. "ఇది పోతుంది కాబట్టి సి కార్పొరేషన్‌లోకి మారండి" అన్న సలహాకి ఇక ఆధారం లేదు.

రెండోది, యజమానుల వివరాలు ఫిన్‌సెన్‌కి పంపాలన్న నిబంధన. 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నిబంధనకు చాలామంది భయపడి డబ్బు కట్టి మరీ ఫారాలు నింపించుకున్నారు. 2025 మార్చిలో ఫిన్‌సెన్ అమెరికాలో ఏర్పడిన కంపెనీలన్నిటినీ దీనినుంచి తప్పించింది. ఇప్పటికీ దీని పేరు చెప్పి ఫీజు అడిగే ఉత్తరాలు వస్తుంటే జాగ్రత్త పడండి.

మూడోది, హెచ్-1బి వారి సొంత కంపెనీల విషయం. 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన దీన్ని మొదటిసారి స్పష్టంగా రాసింది. దాని గురించి కింద చెబుతాను.

పేరు వేరు, పన్ను వేరు

చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటుంది. ఎల్.ఎల్.సి. అనేది రాష్ట్రం ఇచ్చే చట్టపరమైన రూపం. ఎస్ కార్పొరేషన్ అనేది ఐ.ఆర్.ఎస్. దగ్గర ఎంచుకునే పన్ను పద్ధతి. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. "ఎల్.ఎల్.సి. మంచిదా, ఎస్ కార్ప్ మంచిదా?" అని అడగడం "ఇల్లు మంచిదా, ఇంటి పన్ను మంచిదా?" అని అడగడం లాంటిది.

ఒక్కరే యజమానిగా ఎల్.ఎల్.సి. పెడితే ఐ.ఆర్.ఎస్. దాన్ని అసలు పట్టించుకోదు. లాభనష్టాలు మీ సొంత రిటర్నులో షెడ్యూల్ సి మీద చూపిస్తారు. ఇద్దరు, అంతకంటే ఎక్కువమంది ఉంటే అది భాగస్వామ్యం. ఫారం 1065 దాఖలు చేసి ఒక్కొక్కరికి కె-1 ఇవ్వాలి. అదే ఎల్.ఎల్.సి. ఫారం 2553 పంపితే ఎస్ కార్పొరేషన్‌గా, ఫారం 8832 పంపితే సి కార్పొరేషన్‌గా పన్ను కడుతుంది. వ్యాపారానికి మాత్రం ఆ బోర్డు, ఆ బ్యాంకు ఖాతా అలాగే ఉంటాయి.

అంటే మొదటి రోజే అన్నీ తేల్చుకోనక్కరలేదన్నమాట. ఎల్.ఎల్.సి.గా మొదలుపెట్టి, లాభం నిలదొక్కుకున్నాక ఎస్ పద్ధతికి మారడం సులువు. వెనక్కి రావడం మాత్రం కష్టం. కార్పొరేషన్‌లో విలువ పెరిగిన ఆస్తి ఉంటే, దాన్ని బయటకు తీసినప్పుడు అమ్మినట్టే లెక్కగట్టి పన్ను వేస్తారు. అందుకే అద్దెకిచ్చే ఇళ్ళు, హోటలు స్థలాలు ఎస్ లేదా సి కార్పొరేషన్‌లో పెట్టవద్దని నేను ఖచ్చితంగా చెబుతాను. వాటికి మామూలు ఎల్.ఎల్.సి. చాలు.

మొదటి ప్రశ్న: పని చేసేది ఎవరు?

హెచ్-1బి మీద ఉన్నవారు అమెరికాలో కంపెనీ పెట్టవచ్చు, వాటా కొనవచ్చు, డివిడెండు తీసుకోవచ్చు. అనుమతి లేకుండా ఆ కంపెనీలో పని చేయడానికి మాత్రం వీల్లేదు. "జీతం తీసుకోవడం లేదు కదా" అనడం రక్షణ కాదు. బిల్లులు రాయడం, కస్టమర్లతో మాట్లాడడం, కౌంటరు దగ్గర కూర్చోవడం, ఇవన్నీ పని కిందికే రావచ్చు.

ఇక్కడే పన్ను కాగితం వీసా కాగితానికి ఎదురు తిరుగుతుంది. షెడ్యూల్ సి పైభాగంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఈ వ్యాపార నిర్వహణలో మీరు గణనీయంగా పాలుపంచుకున్నారా అని. అవునంటే నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు. ఆ తగ్గింపు కోసం "అవును" అని టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, నాలుగేళ్ళ తర్వాత గ్రీన్ కార్డు ఇంటర్వ్యూలో "నేను కేవలం పెట్టుబడి పెట్టానండీ" అంటే ఎవరు నమ్ముతారు? అధికారి మీ పన్ను రిటర్నులు అడగవచ్చు. రెండు చోట్లా ఒకే నిజం చెప్పాలి. పెట్టుబడి మాత్రమే అయితే అలాగే నడపండి, అలాగే రిటర్నులో చూపించండి.

సొంత కంపెనీలోనే పనిచేయాలనుకునేవారికి 2025 జనవరి నిబంధన ఒక దారి చూపింది. కంపెనీలో సగానికి మించి వాటా లేదా మెజారిటీ ఓటు హక్కు ఉన్న వ్యక్తికి కూడా ఆ కంపెనీ హెచ్-1బి దరఖాస్తు పెట్టవచ్చు. షరతులు ఉన్నాయి. అతని సమయంలో ఎక్కువ భాగం ఆ ప్రత్యేక నైపుణ్యపు పనిలోనే గడవాలి. మొదటి అనుమతి, మొదటి పొడిగింపు ఒక్కొక్కటి 18 నెలలకు మించి ఇవ్వరు. దీనికి యజమానికి వేరుగా నిలబడే కంపెనీ, జీతం ఇవ్వగల ఆదాయం, డబ్ల్యు-2 అన్నీ ఉండాలి. సొంత పేరుతో, ఏ కంపెనీ లేకుండా నడిపే వ్యాపారం ఇందుకు పనికిరాదు. ఇలాంటివారికి కార్పొరేషన్, లేదా కార్పొరేషన్‌గా పన్ను కట్టే ఎల్.ఎల్.సి. సరిపోతుంది.

ఇక హెచ్-4 ఇ.ఎ.డి. ఉన్న భార్య లేదా భర్త పేరుమీద పెట్టే వ్యాపారాలు. వీరు ఏ ఉద్యోగమైనా, సొంత వ్యాపారమైనా చేసుకోవచ్చు. 2015 నాటి ఆ నిబంధనపై వేసిన కేసును వినడానికి సుప్రీం కోర్టు 2025 అక్టోబరులో నిరాకరించింది కూడా. కానీ అదే నెలలో ఇంకో దెబ్బ పడింది. 2025 అక్టోబరు 30 నుంచి దాఖలు చేసే రెన్యువల్ దరఖాస్తులకు, పాత కార్డు గడువు దానంతటదే పొడిగించే సదుపాయం తీసేశారు. కొత్త కార్డు చేతికి రాకపోతే ఆ రోజు నుంచి ఆమె పని ఆపవలసిందే. ఆ మధ్యకాలంలో షాపు ఎవరు తెరుస్తారు? హెచ్-1బి మీద ఉన్న భర్త సాయంత్రాలు వెళ్ళి కూర్చుంటే ఇద్దరి భవిష్యత్తూ ప్రమాదంలో పడుతుంది. అందువల్ల కంపెనీ కాగితాల్లోనే, పని అనుమతి ఉన్న ఒక మేనేజరుకి అధికారాలు ఇచ్చే ఏర్పాటు ముందే రాసి ఉంచాలి. ఎల్.ఎల్.సి. ఆపరేటింగ్ అగ్రిమెంటులో ఇది ఒక పేజీ పని.

రెండో ప్రశ్న: భాగస్వాములు ఎవరు?

ఎస్ కార్పొరేషన్‌కి కొన్ని గట్టి నియమాలు ఉన్నాయి. వాటాదారులు 100 మందికి మించకూడదు. ఒకే రకం షేర్లు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పన్ను చట్టం దృష్టిలో విదేశీయుడు వాటాదారు కాకూడదు.

ఇక్కడ వీసా వేరు, పన్ను నివాసం వేరు. హెచ్-1బి మీద తగినన్ని రోజులు ఇక్కడ ఉన్నవారు పన్ను చట్టం ప్రకారం నివాసులే, ఎస్ కార్పొరేషన్‌లో వాటా ఉండవచ్చు. ఎఫ్-1 మీద వచ్చిన తమ్ముడు సాధారణంగా మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు నివాసి కాడు, అతనికి వాటా ఇవ్వకూడదు. గుంటూరులో ఉన్న నాన్నగారి పేరున, ఆయన పంపిన డబ్బుకి గౌరవంగా, అయిదు శాతం రాసినా ఎస్ పద్ధతి ఆ రోజుతో రద్దయిపోతుంది. కంపెనీ సి కార్పొరేషన్‌గా మారిపోతుంది, మీకు తెలియకుండానే.

టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా వంటి రాష్ట్రాల్లో ఉన్నవారు ఇంకోటి చూసుకోవాలి. ఇవి దంపతుల ఆస్తిని ఉమ్మడి ఆస్తిగా చూసే రాష్ట్రాలు. అందుకే ఫారం 2553 మీద, షేర్లు తన పేరున లేకపోయినా, ఆ ఉమ్మడి హక్కున్న భార్య లేదా భర్త కూడా సంతకం చేయాలి. ఆ భార్య ఇంకా ఇండియాలో ఉండి, పన్ను చట్టం ప్రకారం ఇక్కడి నివాసి కాకపోతే అసలు ఆ కంపెనీకి ఎస్ అర్హతే ఉండకపోవచ్చు. పెళ్ళై భార్య వీసా కోసం ఎదురుచూస్తున్న కుర్రవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇండియాలో ఉన్నవారి డబ్బు తప్పనిసరి అయితే దారులు లేకపోలేదు. మామూలు ఎల్.ఎల్.సి.లో వారు భాగస్వామి కావచ్చు. కానీ వ్యాపారపు లాభంలో వారి వాటా మీద కంపెనీయే ముందుగా గరిష్ఠ రేటు 37 శాతం పట్టి ఐ.ఆర్.ఎస్.కి కట్టాలి, వారు ఇక్కడ 1040-ఎన్.ఆర్. రిటర్ను వేయాలి. సి కార్పొరేషన్ అయితే డివిడెండు మీద రెండు దేశాల ఒప్పందం ప్రకారం వ్యక్తులకు 25 శాతం పడుతుంది, రిటర్ను గొడవ తక్కువ. పూర్తిగా వారి పేరునే ఒక్క యజమాని ఎల్.ఎల్.సి. పెడితే, యజమానికీ కంపెనీకీ మధ్య నడిచిన డబ్బు చూపిస్తూ ఫారం 5472 ఏటా దాఖలు చేయాలి. మరిచిపోతే జరిమానా 25,000 డాలర్లు. ఇండియా వైపు కూడా నియమాలు ఉన్నాయి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక వ్యక్తి 2,50,000 డాలర్ల వరకే పంపవచ్చు. స్టాక్ మార్కెట్లో లేని విదేశీ కంపెనీ షేర్లు కొనడం 2022 ఆగస్టు నుంచి వచ్చిన ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనల కిందికి వస్తుంది. సులువైన దారి ఏమిటంటే, వారికి వాటా ఇవ్వకుండా వారు ఇచ్చింది బహుమతా, అప్పా అన్నది కాగితం మీద స్పష్టంగా రాసుకోవడం.

ఇక స్నేహితులు. పదిమంది తలా 50,000 డాలర్లు వేసుకుని హోటలు పెట్టడం మన ఊళ్ళలో మామూలు. అందులో ఇద్దరు పనిచేస్తారు, ఎనిమిదిమంది డబ్బు పెడతారు. ఎస్ కార్పొరేషన్‌లో లాభం ఖచ్చితంగా షేర్ల ప్రకారమే పంచాలి. కష్టపడిన ఇద్దరికీ జీతం ఇవ్వవచ్చు గానీ లాభంలో ఎక్కువ ఇవ్వడానికి వీల్లేదు. "ముందు పెట్టుబడిదారుల అసలు తిరిగి ఇచ్చేసి, తర్వాత లాభం సగం సగం" వంటి ఏర్పాటు కావాలంటే భాగస్వామ్యపు ఎల్.ఎల్.సి.లోనే కుదురుతుంది.

అందులో కూడా ఒక చిక్కు ఉంది. కె-1 మీద మీ వాటా లాభం 20,000 అని వస్తే, చేతికి ఒక్క డాలరు రాకపోయినా పన్ను మీరు కట్టాలి. హోటలు వాళ్ళు ఆ లాభంతో కొత్త కిచెన్ సామాను కొన్నారు, పన్ను మీ జీతంలోంచి పోయింది. స్నేహాలు చెడేది ఇక్కడే. "ప్రతి భాగస్వామికీ కనీసం పన్నుకి సరిపడా డబ్బు పంచాలి" అన్న ఒక్క వాక్యం అగ్రిమెంటులో ఉంటే ఈ గొడవ రాదు. అలాగే ఒకరు చనిపోతే, విడాకులు తీసుకుంటే, ఇండియా వెళ్ళిపోతే ఆ వాటా ఎవరు, ఏ ధరకు కొంటారో ముందే రాసుకోండి. మంచిగా ఉన్నప్పుడే రాసుకోవాలి. చెడ్డాక రాసేది లాయర్లు.

రిటర్ను గడువు కూడా చెబుతాను. భాగస్వామ్యానికైనా, ఎస్ కార్పొరేషన్‌కైనా గడువు మార్చి 15. ఆలస్యమైతే జరిమానా తలసరి లెక్క. 2025లో వేయవలసిన రిటర్నులకు అది నెలకు ఒక్కొక్కరికి 245 డాలర్లు. పదిమంది హోటలు అయిదు నెలలు ఆలస్యం చేస్తే 12,250 డాలర్లు, లాభం ఉన్నా లేకపోయినా.

మూడో ప్రశ్న: ఎస్ కార్ప్ నిజంగా ఎంత మిగులుస్తుంది?

ఇప్పుడు అందరూ మొదట అడిగే ప్రశ్నకి వద్దాం. సొంత వ్యాపారంలో లాభం మీద ఆదాయపు పన్నుతో పాటు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను ఉంటుంది. ఎస్ కార్పొరేషన్‌లో మీరు తీసుకునే జీతం మీద మాత్రమే ఆ 15.3 శాతం పడుతుంది, మిగిలిన లాభం మీద పడదు. ఆకర్షణంతా ఇదే.

2025 లెక్కలతో ఒక ఉదాహరణ చూద్దాం. భార్య ఇంటీరియర్ డిజైన్ వ్యాపారంలో నికర లాభం 1,20,000 డాలర్లు, భర్త జీతం 90,000 అనుకుందాం. షెడ్యూల్ సి పద్ధతిలో ఆమె స్వయం ఉపాధి పన్ను దాదాపు 16,950. ఎస్ పద్ధతికి మారి 70,000 జీతం తీసుకుంటే పేరోల్ పన్ను 10,710. మిగులు 6,200 పైచిలుకు. అందరూ ఇక్కడ ఆగిపోతారు.

ఆగకుండా ముందుకు వెళితే, ఇందాక చెప్పిన 20 శాతం తగ్గింపు జీతానికి వర్తించదు, లాభానికే వర్తిస్తుంది. లాభంలోంచి జీతం తీసేస్తే ఆ తగ్గింపు 22,300 నుంచి 8,900కి పడిపోతుంది. స్వయం ఉపాధి పన్నులో సగానికి వచ్చే తగ్గింపు కూడా తేడా వస్తుంది. 22 శాతం శ్లాబులో ఈ రెండిటివల్ల ఆదాయపు పన్ను దాదాపు 3,600 పెరుగుతుంది. నిజమైన మిగులు 2,600. అందులోంచి పేరోల్ కంపెనీ ఫీజు, ప్రత్యేకంగా వేయవలసిన 1120-ఎస్ రిటర్ను ఖర్చు, రాష్ట్రపు నిరుద్యోగ బీమా తీసేస్తే చేతిలో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. లాభం పెరిగేకొద్దీ లెక్క ఎస్ వైపు మొగ్గుతుంది, నిజమే. కానీ "లాభం 50,000 దాటగానే మారిపో" అన్న సలహా తప్పు.

మన పాఠకుల్లో చాలామందికి ఇంకో లెక్క వర్తిస్తుంది. గ్రీన్ కార్డు లేదా పౌరసత్వం ఉండి, పగలు ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు వ్యాపారం చేసేవారి సంగతి. సోషల్ సెక్యూరిటీ పన్నుకి ఒక పరిమితి ఉంది: 2026లో 1,84,500 డాలర్లు. మీ ఉద్యోగపు జీతం 1,90,000 అయితే ఆ పన్ను అక్కడే పూర్తయిపోయింది. పక్క వ్యాపారంలో 60,000 లాభం వస్తే, మామూలు పద్ధతిలో దాని మీద పడేది 2.9 శాతం మెడికేర్ మాత్రమే, అంటే దాదాపు 1,600. అధిక ఆదాయంవారికి పడే 0.9 శాతం అదనం. ఇప్పుడు ఎస్ కార్ప్ పెట్టి 30,000 జీతం తీసుకుంటే, కంపెనీ తన వంతు 7.65 శాతం మళ్ళీ కట్టాలి. ఉద్యోగి వంతుగా ఎక్కువ కట్టిన సోషల్ సెక్యూరిటీ రిటర్నులో తిరిగి వస్తుంది, కంపెనీ కట్టింది తిరిగి రాదు. మొత్తం 2,700 దాటుతుంది. అంటే తగ్గించుకోవడానికి పెట్టిన ఎస్ కార్ప్ వెయ్యి డాలర్లకు పైగా ఎక్కువ కట్టించింది, అకౌంటెంటు ఫీజు అదనం!

"మరి జీతం 10,000 చూపిస్తే?" అని అడుగుతారు. చేసే పనికి తగిన జీతం తీసుకోవాలని చట్టం. అయోవాలో ఒక అకౌంటెంటు తన ఎస్ కార్పొరేషన్ నుంచి ఏడాదికి 24,000 జీతం తీసుకుని, మిగతాదంతా లాభంగా పంచుకున్నాడు. 2012లో అప్పీలు కోర్టు అతనికి తగిన జీతం 91,044 డాలర్లని తేల్చి, తేడామీద పన్ను, వడ్డీ, జరిమానా వేయడాన్ని సమర్థించింది. వాట్సన్ కేసుగా పేరుపడ్డ ఈ తీర్పును ఆడిటర్లు ఇప్పటికీ ముందు పెట్టుకుంటారు.

డాక్టర్లు, లాయర్లు, అకౌంటెంట్లు, కన్సల్టెంట్లకు మరో మాట. దంపతుల ఆదాయం 2025లో 3,94,600 దాటితే ఈ వృత్తుల వారికి 20 శాతం తగ్గింపు కరగడం మొదలై, 4,94,600 దగ్గర పూర్తిగా పోతుంది. ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ ఈ జాబితాలో లేవు. ఆ స్థాయి ఆదాయం ఉన్నవారికి పోగొట్టుకునే తగ్గింపే లేదు కాబట్టి ఎస్ కార్ప్ లెక్క వేరుగా వస్తుంది.

సి కార్పొరేషన్ ఎవరికి?

సి కార్పొరేషన్ 21 శాతం పన్ను కడుతుంది. లాభం డివిడెండుగా తీసుకుంటే మీరు మళ్ళీ 15 లేదా 20 శాతం కట్టాలి. మొదటి ఏళ్ళ నష్టాలు మీ జీతంలోంచి తగ్గవు. నెలనెలా లాభం ఇంటికి తెచ్చుకునే హోటలుకి, క్లినిక్కుకి ఇది తగదు.

సాఫ్ట్‌వేర్ ప్రొడక్టు తయారుచేసి, పెట్టుబడిదారులను తెచ్చి, కొన్నేళ్ళకి అమ్మాలనుకునేవారికి మాత్రం దీనికి సాటి లేదు. 2025 జులై 4 తర్వాత జారీ అయిన అర్హత గల షేర్లు మూడేళ్ళు ఉంచితే లాభంలో 50 శాతం, నాలుగేళ్ళకి 75 శాతం, అయిదేళ్ళకి మొత్తం ఫెడరల్ పన్ను లేకుండా పోతుంది, సాధారణంగా కోటిన్నర డాలర్ల వరకు. ఈ మినహాయింపు హోటళ్ళకు, మోటెళ్ళకు, రెస్టారెంట్లకు, వైద్యానికి, కన్సల్టింగ్‌కు లేదు. మన వ్యాపారాల్లో ఎక్కువ భాగం ఆ జాబితాలోనే ఉన్నాయని గమనించండి.

హైదరాబాదులో టీము పెట్టి సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేయించేవారు ఇంకోటి తెలుసుకోవాలి. అమెరికాలో జరిగే పరిశోధన, అభివృద్ధి ఖర్చును 2025 నుంచి మళ్ళీ ఒకే ఏడాదిలో తీసేసుకోవచ్చు. విదేశంలో జరిగేదాన్ని మాత్రం 15 ఏళ్ళకి పంచాలి. ఆదాయం 2,00,000, హైదరాబాదు టీముకి 1,50,000 ఖర్చు అయితే, మొదటి ఏడాది తగ్గేది సుమారు 5,000 మాత్రమే. మిగిలింది 50,000 అయినా పన్ను 1,95,000 మీద. ఎల్.ఎల్.సి. లేదా ఎస్ కార్ప్ అయితే ఈ లేని లాభం మీ ఇంటి రిటర్నులోకి, మీ జీతం పైన వచ్చి కూర్చుంటుంది. సి కార్పొరేషన్‌లో 21 శాతంతో అక్కడే ఆగుతుంది. స్వరూపం ఎంచుకునేముందు టీము ఎక్కడుందో చూడాలనడానికి కారణం ఇదే.

రాష్ట్రం, గొడుగు

డెలావేర్‌లోనో, వయోమింగ్‌లోనో పెట్టమని ప్రకటనలు చూస్తుంటారు. న్యూజెర్సీలో షాపు నడుపుతూ డెలావేర్‌లో ఎల్.ఎల్.సి. పెడితే, డెలావేర్‌కి ఏటా 300 డాలర్లు కట్టడమే కాక న్యూజెర్సీలోనూ నమోదు చేయించుకోవాలి. పన్ను వ్యాపారం ఎక్కడ జరుగుతుందో అక్కడే. వెంచర్ పెట్టుబడి తెచ్చే కంపెనీలకు డెలావేర్, మిగతావారికి సొంత రాష్ట్రం సరిపోతుంది. కాలిఫోర్నియాలో ఎల్.ఎల్.సి.కి లాభం లేకపోయినా ఏటా కనీసం 800 డాలర్లు తప్పవు, ఎస్ కార్పొరేషన్ అయితే లాభం మీద 1.5 శాతం. న్యూయార్క్ నగరం ఎస్ పద్ధతిని గుర్తించదు.

ఎల్.ఎల్.సి. గొడుగు అన్ని వానలకూ పనికిరాదు. లీజు ఇచ్చే ఆసామి, అప్పిచ్చే బ్యాంకు మీ సొంత పూచీ అడుగుతారు. ఎస్.బి.ఎ. అప్పులకు 20 శాతం, అంతకు మించి వాటా ఉన్నవారి పూచీ తప్పనిసరి. 2025లో ఆ సంస్థ యజమానుల ఇమిగ్రేషన్ హోదా నియమాలను కూడా బిగించింది, కాబట్టి వాటాలు పంచకముందే బ్యాంకుతో మాట్లాడండి. ఉద్యోగుల జీతాల్లోంచి పట్టిన పన్ను కట్టకపోతే బాధ్యుడైన వ్యక్తినుంచి మొత్తం వసూలు చేస్తారు. అక్కడ ఏ గొడుగూ ఆగదు. డాక్టరు పొరపాటుకి డాక్టరే జవాబుదారు. అందుకని బీమా కొనడం మానకండి.

చివరిగా

ఇన్ని చెప్పినా, నా సలహా నాలుగు ముక్కల్లో ఇది. పని చేసేవారి వీసా కాగితం ముందు పెట్టుకోండి. భాగస్వాములెవరో, ఎక్కడున్నారో రాసుకోండి. మూడేళ్ళ తర్వాత ఈ వ్యాపారాన్ని నడుపుతారా, అమ్ముతారా, మూసేస్తారా ఆలోచించండి. ఈ మూడూ తేలితే స్వరూపం దాదాపు తనంతట తనే తేలిపోతుంది. సందేహంగా ఉంటే మామూలు ఎల్.ఎల్.సి.తో మొదలుపెట్టండి. ఏ ఏడాదైనా మార్చి 15లోగా ఫారం 2553 పంపి ఎస్ పద్ధతికి మారవచ్చు. ఆ అవకాశం ఏటా వస్తుంది.

మొదటి ఏడాది అకౌంటెంటుకీ, ఇమిగ్రేషన్ లాయరుకీ చెరొక గంట ఫీజు కట్టి, ఇద్దరికీ ఒకే కథ చెప్పండి. ఇద్దరి సలహా ఒకదానికొకటి అడ్డం వస్తే అప్పుడే తెలుస్తుంది, అయిదేళ్ళ తర్వాత కాదు. ఇక్కడ రాసినవి అందరికీ వర్తించే సాధారణ విషయాలు. మీ ఇంటి లెక్క మీ కాగితాలు చూసినవారే చెప్పగలరు.

కొత్తగా అడుగు వేస్తున్న మిత్రులందరికీ శుభాకాంక్షలు.